అడిగినవారికి తెరచు గది

శ్రీకాకుళమునకు చేరువనున్న అరసవల్లి క్షేత్రమున ఏటేట మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని దినములు సూర్యోదయమునకు ముందే భక్తజనము బారులు తీరి నిలుచుట మన ప్రాంతమువారందరు ఎరిగినదే. మబ్బు లేని ఉదయమైనచో తొలికిరణములు వాకిళ్లను దాటి వచ్చి గర్భాలయమునందలి సూర్యనారాయణస్వామి పాదములను తాకును. ఆ దర్శనము కొన్ని నిమిషములు మాత్రమే. ఆ కొన్ని నిమిషముల కొరకు జనులు దూరపు ఊళ్లనుండి చీకటితోనే బయలుదేరి వత్తురు. దర్శనము అరుదగుటచే దానికి విలువ తగ్గలేదు సరికదా, హెచ్చినది.

స్వామి మూర్తి శిల. వెలుగు ఎంత పడినను శిలకు కొరత లేదు. కాని కాగితముపై నీటిరంగులతో వ్రాసిన చిత్రమునకు, సిరాతో గీసిన రేఖకు, చెట్ల రంగులతో అద్దిన వస్త్రమునకు వెలుగే శత్రువు. వెలుగు లేనిదే వానిని చూడలేము. వెలుగు పడిన కొలది అవి వెలసిపోవును. ఈ చిక్కును తీర్చుకొనుటకై కళాసంపద గల విశ్వవిద్యాలయములు ఒక ఏర్పాటు చేసికొన్నవి. చిత్రములను గోడలకు తగిలింపక పెట్టెలలో చీకటిలో భద్రపరచి, ముందుగా వ్రాసి దినమును, వేళను నిశ్చయించుకొని వచ్చినవారికి ఒక ప్రత్యేకమైన గదిలో, బల్లపై పెట్టి, చూపుదురు. ఆ గది ఎట్టిది, అందు ఎవరు ప్రవేశింపవచ్చును, ఎట్లు అడుగవలెను, లోపల ఎట్లు మెలగవలెను అను విషయములను ఇచట వివరింపనెంచితిమి.

ఇంట రేడియో గలవారికి గ్రామఫోను సంగతి చెప్పిన సుబోధకముగా నుండును. విజయనగరము సంగీత కళాశాలకు అధ్యక్షులై యుండిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీన వాదనము గల పాత రికార్డు ఒకటి మన ఇంట నున్నదనుకొందము. ఉక్కు సూదితో దానిని వాయించిన ప్రతిసారియు సూది గాడిని కొంచెము అరుగదీయును. ఒకసారి విన్నంతమాత్రమున భేదము తెలియదు. నూరుసార్లు విన్న పిమ్మట గరగర హెచ్చును, నాదము సన్నగిల్లును. అరిగిన గాడి మరల నిండదు. చిత్రము గతియు ఇంతే. వెలుగు చేయు హాని నానాటికి కూడికయై పెరుగునే గాని, చీకటిలో దాచినంతమాత్రమున తిరిగి రాదు. అనగా ప్రతి చిత్రమునకును వెలుగు విషయమున కొంత మూలధనము కలదు. మనము చూచిన ప్రతిసారియు అందులోనుండి కొంత వెచ్చించుచున్నాము. మన మనుమలకు ఎంత మిగులవలెనో ఆలోచించియే వెచ్చింపవలెను.

ఈ వెచ్చమును కొలుచుటకు లెక్క కలదు. వెలుగును లక్సులలో కొలుతురు. నడివేసవి ఎండలో ఇంచుమించు లక్ష లక్సుల వెలుగుండును. కాగితముపై వ్రాసిన చిత్రములకు 50 లక్సులకు మించరాదని ప్రదర్శనశాలలలో సాధారణ నియమము. బయటినుండి వచ్చినవారికి మొదట ఆ గది చీకటిగా తోచును. కన్నులు అలవాటు పడిన పిదప అన్నియు స్పష్టముగా కనిపించును. అంత మందమైన వెలుగులో సైతము కొన్ని నెలలు ప్రదర్శించి, పిమ్మట చాలకాలము చీకటిలో విశ్రాంతి నిత్తురు. ఐర్లండు జాతీయ చిత్రశాలలో టర్నరు అను ఆంగ్ల చిత్రకారుని నీటిరంగుల చిత్రములు 31 కలవు. వానిని 1900లో హెన్రీ వాఘన్ అను దాత ఇచ్చుచు, ఎండ మిక్కిలి బలహీనముగా నుండు జనవరి మాసమున మాత్రమే చూపవలెనని నియమము పెట్టెను. ఆ నియమము చొప్పున అచట ఏటేట జనవరిలో వానిని వెలికి తీయుదురు. మన అరసవల్లిలో వెలుగు వచ్చు దినములకై జనులు కాచియుందురు; అచట వెలుగు తగ్గు మాసమునకై కాచియుందురు.

అయినచో తక్కిన పదునొకండు మాసములును, తక్కిన వేలకొలది చిత్రములును ఎవరికిని దక్కవా? ఈ ప్రశ్నకు సమాధానమే పరిశీలన గది. గోడకు తగిలించిన చిత్రముపై చూచువారున్నను లేకున్నను దినమంతయు వెలుగు పడుచునే యుండును. పెట్టెలోని చిత్రమునకైనచో అడిగినవారు వచ్చి చూచు అరగంట మాత్రమే వెలుగు తగులును. అందుచే ముందుగా వేళ నిశ్చయించుకొని రమ్మనుట జనులను దూరముంచుటకు చేసిన కట్టడి కాదు. అందరికిని అందించుటకు కనుగొన్న ఉపాయము.

ఈ ఏర్పాటు వర్ధిల్లిన స్థానములలో ఆక్స్‌ఫర్డు ముఖ్యమైనది. ఆ ఊరిపేరు విజయనగరము వారికి కొత్తది కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన మాక్సుముల్లరు ప్రకటించిన ఋగ్వేదము యొక్క రెండవ కూర్పు, 1890-92 సంవత్సరములలో, మన ఆనందగజపతి మహారాజుగారి ద్రవ్యసహాయముననే వెలువడినది. ఆ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో రాఫేలు, మైకెలాంజిలో అను ఇటలీ దేశపు మహాచిత్రకారులు స్వహస్తములతో గీసిన రేఖాచిత్రములు కలవు. చందాలు ప్రోగుచేసి 1846లో వానిని సంపాదించిరి. 1861లో రస్కిన్ పండితుడు తనయొద్దనున్న టర్నరు చిత్రములలో 48 ఆక్స్‌ఫర్డుకును, 25 కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలకును దానము చేసెను. విద్యార్థులు వానిని దగ్గరగా చూచి నేర్చుకొనవలెనని ఆయన కోరిక. నేడు ఆ రెండు చోట్లను పండితులే గాక సామాన్యులును ముందుగా వ్రాసి, వేళ నిశ్చయించుకొని, పరిశీలన గదిలో కూర్చుండి ఇట్టి చిత్రములను చూడవచ్చును. అమెరికాలో హార్వర్డు, యేలు విశ్వవిద్యాలయములందును ఇట్టి గదులు కలవు. చదువులకై, ఉద్యోగములకై ఆ దేశములలో నున్న మన బిడ్డలలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

దగ్గరగా చూచుటవలన కలుగు లాభమునకు ఒక్క ఉదాహరణము. ఆక్స్‌ఫర్డులోని రాఫేలు రేఖాచిత్రములలో ఇద్దరు క్రీస్తు శిష్యుల తలలును, చేతులును నల్లసుద్దతో గీసినది ఒకటి ప్రసిద్ధమైనది. అచ్చుపుస్తకములో చూచినవారికి ముఖములలోని భావము మాత్రమే తెలియును. అసలు కాగితమును దగ్గరనుండి పరికించినచో గీతల క్రింద వరుసగా సన్నని చుక్కలు కనిపించును. మనవైపు సంతలలో చిల్లులు పొడిచిన రేకులు అమ్ముదురు. వానిపై ముగ్గుపిండి చల్లి ఎత్తిన నేలపై చుక్కలుగా ముగ్గు దిగును. రాఫేలును అట్లే ఒక కాగితమునకు సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది, ఆ చుక్కల ననుసరించి మరియొక కాగితముపై బొమ్మను దింపుకొని, అటుపిమ్మట గీతలు దిద్దెను. ఐదువందల యేండ్లనాటి పనివాని చేయి ఎట్లు నడిచినదో ఆ చుక్కలు చెప్పును.

విదేశములమాట అటుండనిండు. మన దేశమున విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రజాప్రదర్శనశాలలలో మొట్టమొదటిది కలకత్తా విశ్వవిద్యాలయమున 1937లో నెలకొల్పిన ఆశుతోష్ ప్రదర్శనశాల. మరియొకటి మనవారు ఏటేట పోవు దారిలోనే యున్నది. కాశీయాత్ర చేయని పెద్దలు మన పల్లెలలో అరుదు. కాశీలో భేలూపురమున విజయనగర సంస్థానాధీశుల భవనము గలదని యాత్రికులు చెప్పుకొందురు. విశ్వనాథుని దర్శించి, హిందూ విశ్వవిద్యాలయములోని క్రొత్త విశ్వనాథాలయమును గూడ చూచి తిరిగి వత్తురు. ఆ విశ్వవిద్యాలయపు ఆవరణముననే భారత కళాభవనము కలదు. రాయ్ కృష్ణదాసు అను రసజ్ఞుడు 1920లో ప్రారంభించిన సంస్థ అది. రవీంద్రనాథ ఠాకూరు దానికి అధ్యక్షత వహించెను. 1950లో అది విశ్వవిద్యాలయములో చేరినది. మొగలాయి, రాజస్థానీ, పహాడీ సంప్రదాయములకు చెందిన చిన్న చిత్రములు అందు వేలకొలది కలవు. గోడలపై కనిపించునవి వానిలో స్వల్పభాగమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారే పిమ్మట 1939 నుండి 1948 వరకు కాశీ విశ్వవిద్యాలయమును నడిపిరి. అందుచే ఆ విద్యాపీఠము మనకు పరాయిది కాదు.

ఇక అడుగు విధానము. మొదట ఏమి చూడదలచితిమో నిశ్చయించుకొనవలెను. “మీ యొద్ద నున్నవన్నియు చూపుడు” అని వ్రాసినచో ఎవరును ఏమియు చూపజాలరు. నేడు పెక్కు ప్రదర్శనశాలలు తమ వస్తువుల పట్టికలను అంతర్జాలమున ఉంచినవి. ప్రతి వస్తువునకును ఒక సంఖ్య యుండును. చిత్రము పేరు, ఆ సంఖ్య వ్రాసికొని, నాలుగైదింటికి మించకుండ ఎన్నుకొనవలెను. సంఖ్య దొరకనిచో ఏ కాలపుది, ఏ విషయమును గూర్చినది కావలెనో తెలిపినను చాలును. లేఖలో మనమెవరమో, ఎందుకు చూడదలచితిమో రెండు వాక్యములలో వ్రాయవలెను. “చిత్రలేఖనము నేర్చుకొనుచున్నాను”, “మా ఊరి అద్దకపు పనిని గూర్చి తెలిసికొనగోరుచున్నాను”, “చూడవలెనను కోరిక కలదు” - ఈ కారణములన్నియు గౌరవనీయములే. రాదగిన దినములు రెండు మూడు సూచించి, ఎందరము వచ్చెదమో చెప్పి, కొన్ని వారములు ముందుగా పంపవలెను. కొన్ని చోట్ల ఈమెయిలు చాలును. కొన్ని చోట్ల అధికారి పేర అర్జీయు, గుర్తింపు పత్రమును అవసరమగును. నిబంధనలు స్థానమును బట్టి మారుచుండును గనుక ప్రయాణమునకు ముందే కనుగొనుట మేలు. జవాబు రానిచో నిరాశ పడక మరల ఒకసారి వ్రాయవలెను.

నిశ్చయించిన నాడు గదికి పోయిన పిమ్మట జరుగు క్రమము ఇంచుమించు అంతటను ఒక్కటే. సంచులు, గొడుగులు, నీళ్ల సీసాలు వెలుపల ఉంచవలెను. చేతులు కడిగికొని తడి లేకుండ తుడుచుకొనవలెను. సిరాకలము పనికిరాదు, పెన్సిలు మాత్రమే వాడవలెను. సిరా ఒక్క చుక్క పడినను తుడుచుటకు వీలు లేదు గదా! అధికారి పెట్టెను తెచ్చి ఒక్కొక్క చిత్రమును బల్లపై నుంచును. చిత్రమునకు చుట్టును దళసరి అట్ట చట్రము వలె నుండును. పట్టుకొనవలసివచ్చిన ఆ అట్ట అంచులనే రెండు చేతులతో పట్టవలెను. చూపుడువ్రేలుతో చిత్రముపై “ఇదిగో, ఇచట” అని చూపుట మన అలవాటు. ఆ గదిలో ఆ వ్రేలును అదుపులో నుంచుకొనవలెను. చేతితొడుగులు తప్పనిసరియని పలువురు తలతురు. ఛాయాచిత్రములకు, లోహవస్తువులకు అవి అవసరమే. కాగితమునకు మాత్రము శుభ్రమైన పొడిచేతులే మేలని నేటి నిపుణుల మతము. తొడుగు వేసిన చేతికి కాగితపు అంచు స్పర్శ తెలియక చింపు ప్రమాదము కలదు.

చూచుటయు ఒక అభ్యాసమే. మొదటి ఐదు నిమిషములు ఏమియు వ్రాయక చూడవలెను. పిదప భూతద్దముతో గీత మొదలును, తుదియు పరికింపవలెను. కుంచె ఎచట నిండుగా నున్నది, ఎచట ఆరిపోయినది, చిత్రకారుడు ఎచట మనసు మార్చుకొని గీతను త్రిప్పెను అను సంగతులు అప్పుడు బయటపడును. అనుమతి కోరి వెనుకవైపు కూడ చూడవలెను. పాత యజమానుల ముద్రలు, వెలలు, పేర్లు, ఒక్కొక్కప్పుడు మరియొక బొమ్మయే వెనుక నుండును. గోడకు తగిలించిన చిత్రము వెనుకభాగమును ఎవరును చూడజాలరు. అది ఈ గదికి వచ్చినవారికే దక్కు భాగ్యము.

“పండితులు కూర్చుండు గదిలో మావంటివారికి పనియేమి?” అని సంకోచించువారు మన ప్రాంతమున పెక్కుమంది కలరు. వారు గిడుగు రామమూర్తిగారిని తలంచుకొనవలెను. శ్రీకాకుళమునకు సమీపమున 1863లో జన్మించి, పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, ఆయన ముఖలింగమునకు పోయి ఆలయ శాసనములను తనంతట తాను చదువ నేర్చుకొనెను. వంశధార తీరమున సాలిహుండము కొండపై బౌద్ధశిథిలములున్న సంగతిని 1919లో లోకమునకు తెలిపినదియు ఆయనయే. ఏ అధికారమును లేని పంతులు, ఓపికతో చూచుటవలననే ఇంతపని చేసెను. చూచు హక్కు పట్టమునుబట్టి రాదు, అడుగుటవలన వచ్చును.

మనకు మిక్కిలి దగ్గరనున్న విశ్వవిద్యాలయపు భాండారము విశాఖపట్టణమున కలదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు యొక్క డాక్టరు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయమున తాళపత్ర గ్రంథములను భద్రపరచియున్నారు. తాళపత్రమును చూచుటకును పైన చెప్పిన మర్యాదలే వర్తించును. అర్జీ పెట్టుట, పొడిచేతులు, పెన్సిలు, ఓపిక - ఇంతియే. విజయనగరమునుండి గాని, ఆమదాలవలసనుండి గాని ఉదయపు రైలులో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

ఇంతవరకు చెప్పినది పరుల పెట్టెలను గూర్చి. మన అటకలమీది మూటల మాట ఏమి? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. ఆ వైపున మేమెరిగిన ఒక ఇంట పైకప్పు ఎగిరి, అటకమీదనున్న తాటాకుల కట్ట తడిసినది. తాతగారి తాతనాటి కట్ట. అందేమున్నదో ఇంటివారిలో ఎవరికిని తెలియదు. పాడగునను ఆతురతతో వారు మరునాడు కట్ట విప్పి ఆకులను ఎండలో ఆరబెట్టిరి. సాయంకాలమునకు ఆకులు చుట్టలు చుట్టుకొని నిలువున చీలినవి. అంటుకొన్న వానిని లాగగా అక్షరములున్న పొర ఊడివచ్చినది. అది వైద్యమో, జ్యోతిషమో, ఎవరో మరచిన కావ్యమో ఇక నెవరును చెప్పజాలరు. వారిది నిర్లక్ష్యము కాదు. కట్టపై ప్రేమయే వారిచేత ఆ పని చేయించినది. తెలియకపోవుటయే నష్టమునకు కారణము.

కావున ప్రతి గృహస్థుడును ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనవలెను. తడిసిన తాటాకులను గాని, పాత కాగితములను గాని ఎండలో పెట్టరాదు. నీడను, గాలి వీచుచోట శుభ్రమైన నూలుగుడ్డపై పరచి ఆరనీయవలెను. అంటుకొన్న ఆకులను బలవంతముగా విడదీయరాదు. చిరుగులకు జిగురుపట్టీలు అంటింపరాదు. ఆ జిగురు కొన్నేండ్లకు కాగితమును గోధుమరంగుకు త్రిప్పి తినివేయును. ఆకుల వరుస తప్పకుండ ఛాయాచిత్రములు తీసి, ఆ చిత్రములతో గ్రంథాలయమునకు వ్రాసి సలహా కోరవలెను. అన్నిటికంటె ముందు, కట్ట క్షేమముగా నున్నప్పుడే, ఒకనాడు దానిని అటకనుండి దింపి అందేమున్నదో చదువగలవారిచేత తెలిసికొనవలెను.

పెట్టెలోని పట్టుచీరను మన గృహిణులు దినదినము కట్టరు. అట్లని మరచియు పోరు. పెండ్లినాడు తీయుదురు, కట్టుదురు, నీడను ఆరవేసి మడతమార్చి మరల దాతురు. ఆ చీర కూతురి కాలమునకును, మనుమరాలి కాలమునకును నిలుచును. పరిశీలన గదిని నడుపువారు చేయుపనియు ఇంతకంటె వేరు కాదు. వారు దాచుట మనకొరకే. కాని అడుగువారు లేని గదికి రానురాను పనివారు తగ్గుదురు, పట్టికలు ఆగును, పెట్టెలు దుమ్ముకొట్టుకొనును. ఈ యేడు కాశీకి గాని, విశాఖకు గాని ప్రయాణము తలపెట్టినవారు బయలుదేరుటకు ఒక మాసము ముందు ఒక ఉత్తరము వ్రాసి చూతురు గాక.